ఫిర్యాదు చేసిన మర్నాటి నుంచీ

కిందటి ఎండాకాలంలో ఒకామె మా దగ్గరికొచ్చింది. హైదరాబాదు శివార్లలో ఒక మందుల ఫ్యాక్టరీలో, ప్యాకింగ్ సెక్షన్‌లో ఆరేళ్ళు పనిచేసింది. చేతిలో ప్లాస్టిక్ కవరు, అందులో మడతలు పడిన కాగితాలు. కూర్చోగానే కవరు బల్ల మీద పెట్టి, "నేను కేసు గెలిచినక్కా. గెలిచిన నాలుగు నెల్లకు పనిల నుంచి తీసేసిండ్రు" అంది.

కాగితాలు చదివాం. ఆమె చెప్పింది అక్షరాలా నిజం. షిఫ్టు ఇన్‌చార్జి మీద ఆమె రాతపూర్వకంగా ఫిర్యాదు చేసింది. కంపెనీ అంతర్గత కమిటీ విచారణ జరిపింది. తోటి కార్మికులు ఇద్దరు సాక్ష్యం చెప్పారు. ఆరోపణ రుజువైందని కమిటీ రాసింది. అతనికి ఒక ఇంక్రిమెంటు ఆపి ఇంకో యూనిట్‌కి పంపారు. చట్టం చెప్పిన 90 రోజుల్లోపే విచారణ ముగిసింది. మన శిక్షణ తరగతుల్లో 'చట్టం పనిచేసిన కేసు' అని చూపించుకోదగిన ఫైలు అది. ఆ తర్వాత లేబర్ కాంట్రాక్టరు మారాడు. కొత్తగా వచ్చినవాడు పాతవాళ్ళందరినీ తీసుకున్నాడు, ముగ్గురిని తప్ప. ఫిర్యాదు చేసిన ఈమె, సాక్ష్యం చెప్పిన ఆ ఇద్దరు. గేటు దగ్గర సెక్యూరిటీ వాళ్ళు లిస్టులో పేర్లు లేవన్నారు. కంపెనీని అడిగితే "వాళ్ళు మా ఉద్యోగులు కారు, కాంట్రాక్టరుని అడగండి" అంది. కాంట్రాక్టరుని అడిగితే "పాత గొడవలు నాకు తెలీవు, నాకు కావలసినంత మందిని తీసుకున్నాను" అన్నాడు.

'నువ్వు ఫిర్యాదు చేశావు కాబట్టి' అని ఆ కవరులో ఏ కాగితం మీదా లేదు. ఉండదు కూడా.

పనిచేసే చోట లైంగిక వేధింపుల గురించి మనం చాలా ఏళ్ళుగా మాట్లాడుతున్నాం. మన చర్చ ఎక్కువగా ఏది వేధింపు, ఏది కాదు అన్నదాని చుట్టూ తిరిగింది. తాకితేనే వేధింపా, మాట కూడానా, చూపు కూడానా? ఈ చర్చ అవసరమైనదే. శరీరాన్ని తాకనంత మాత్రాన అది వేధింపు కాకుండా పోదని సుప్రీంకోర్టు చేత 1999లో, ఒక ఎగుమతి ప్రోత్సాహక సంస్థ కేసులో, చెప్పించుకోగలిగామంటే దాని వెనక స్త్రీల ఉద్యమం చేసిన వాదన ఉంది. కానీ మన దగ్గరికి వచ్చే స్త్రీలు అడిగే మొదటి ప్రశ్న అది కాదు. తమకు జరిగింది వేధింపో కాదో వాళ్ళకు బాగానే తెలుసు. వాళ్ళడిగేది, "ఫిర్యాదు ఇస్తే తర్వాత నన్నేం చేస్తారు?" అని. ఈ ప్రశ్నకి మన దగ్గర సరైన జవాబు లేదు. 'చట్టం మీ పక్షాన ఉంది' అంటాం. ఆ చట్టాన్ని ఈ ఒక్క ప్రశ్న పట్టుకుని మళ్ళీ చదివితే, అది చాలా తక్కువ మాట్లాడుతుందని అర్థమవుతుంది.

కక్షసాధింపు ఎలా ఉంటుందో పాఠకులకు వేరే చెప్పనక్కర్లేదు. బదిలీ, మెమో, కాన్ఫిడెన్షియల్ రిపోర్టులో ఒక చిన్న మాట. రోజూ పగటి షిఫ్టు ఉన్నామెకు ఉన్నట్టుండి రాత్రి షిఫ్టు. కుర్చీ తీసేసి పని లేకుండా కూర్చోబెట్టడం లేదా ముగ్గురి పని ఒక్కరికి అప్పజెప్పడం. మధ్యాహ్నం అన్నం తినేటప్పుడు పక్కన ఎవరూ కూర్చోకపోవడం. కాంట్రాక్టు ఉద్యోగాల్లోనైతే ఇంత శ్రమ కూడా అక్కర్లేదు, గడువు అయ్యేదాకా ఆగితే చాలు. వీటిలో ప్రతి ఒక్కటీ మామూలు రోజుల్లో జరిగేదే, యాజమాన్యానికి అధికారం ఉన్నదే. పరిపాలనా సౌలభ్యం అన్న మాట ఒక్కటి రాస్తే చాలు. లైంగిక వేధింపు చేసినవాడు తప్పు చేస్తున్నానని తెలిసి తలుపు వేసుకుని చేస్తాడు. కక్షసాధింపు మాత్రం ఫైలు మీద, సంతకంతో, పట్టపగలు జరుగుతుంది.

ఈ చట్టం ఎక్కడ పుట్టిందో ఒకసారి గుర్తు చేసుకుందాం. రాజస్థాన్‌లోని భటేరీ గ్రామంలో భన్వరీదేవి ప్రభుత్వ మహిళాభివృద్ధి కార్యక్రమంలో సాథిన్‌గా పనిచేసేది. కుమ్మరి కులస్థురాలు. బాల్య వివాహాలు ఆపించడం ఆమెకు అప్పజెప్పిన పని. ఊళ్ళో బలవంతులైన గుజ్జర్ల ఇంట్లో జరగబోతున్న ఒక పసిబిడ్డ పెళ్ళి గురించి పైకి తెలియజేసింది. పోలీసులొచ్చారు. 1992 సెప్టెంబరులో, పొలంలో భర్త కళ్ళెదుట, ఆమె మీద సామూహిక అత్యాచారం జరిగింది. 1995లో జైపూర్ సెషన్స్ కోర్టు నిందితుల మీద అత్యాచార నేరాన్ని కొట్టేసింది. దేశమంతా స్త్రీల సంఘాలు కదిలాయి. విశాఖతో సహా కొన్ని సంస్థలు సుప్రీంకోర్టుకు వెళ్ళాయి. 1997 ఆగస్టు 13న జస్టిస్ వర్మ, జస్టిస్ సుజాతా మనోహర్, జస్టిస్ కృపాల్ ధర్మాసనం ఇచ్చిన తీర్పే విశాఖ మార్గదర్శకాలు. (పేరు వల్ల మన విశాఖపట్నంలో జరిగిందనుకునేవాళ్ళు ఇప్పటికీ శిక్షణల్లో కనిపిస్తారు. అది జైపూర్ సంస్థ పేరు.)

భన్వరీదేవి మీద జరిగింది ఏమిటి? తన పని తాను చేసినందుకు తీర్చుకున్న కక్ష. ఆమెను వేధించింది పై అధికారి కాదు. ప్రభుత్వం చెప్పిన పని చేసి, పైకి సమాచారం ఇచ్చినందుకు ఊరు పగబట్టింది. ప్రభుత్వం ఆమెకు జీతం కాదు, గౌరవ వేతనమే ఇచ్చేది. అంగన్‌వాడీ, ఆశా కార్యకర్తలతో పనిచేసే మిత్రులకు ఈ 'గౌరవం' ఏమిటో బాగా తెలుసు. పనికి పంపేటప్పుడు ప్రభుత్వ మనిషి, దెబ్బ తగిలినప్పుడు స్వచ్ఛంద సేవకురాలు. అంటే ఈ దేశంలో పనిచేసే చోట లైంగిక వేధింపుల చట్టానికి మూలమైన కేసే ఒక కక్షసాధింపు కేసు.

విశాఖ తీర్పు ఆ సంగతి మర్చిపోలేదు. అందులో ఒక స్పష్టమైన వాక్యం ఉంది. ఫిర్యాదు నడుస్తున్నప్పుడు బాధితులనుగానీ సాక్షులనుగానీ వేధించకుండా, వాళ్ళ పట్ల వివక్ష చూపకుండా చూడాల్సిన బాధ్యత యజమానిదని ఆ వాక్యం సారాంశం. 'సాక్షులు' అన్న మాట కూడా ఉంది. దానితోపాటే, వేధించినవాడిని బదిలీ చేయమని గానీ తనకే బదిలీ కావాలని గానీ కోరుకునే హక్కు బాధితురాలిదని కూడా ఉంది.

పదహారేళ్ళ తర్వాత, 2013లో చట్టం వచ్చింది. ఆ సంవత్సరం డిసెంబరు 9 నుంచి అమలయింది. చట్టం చాలా ఇచ్చింది. నేను దాన్ని తక్కువ చేయడం లేదు. ఉద్యోగి అంటే పర్మనెంటు ఉద్యోగి ఒక్కరే కాదని, దినకూలీ, కాంట్రాక్టరు ద్వారా వచ్చిన మనిషి, శిక్షణలో ఉన్న పిల్ల, జీతం లేకుండా పనిచేసే కార్యకర్త కూడా అని చెప్పింది. ఇళ్ళలో పనిచేసే స్త్రీలను కలుపుకుంది. నిజానికి మొదటి ముసాయిదాల్లో వాళ్ళు లేరు, కొట్లాడితే వచ్చారు. పదిమంది పనిచేసే ప్రతి చోటా కమిటీ ఉండాలంది, బయటి నుంచి ఒక సభ్యురాలు ఉండాలంది. ఇంత ఇచ్చిన చట్టంలో విశాఖలోని ఆ వాక్యం మాత్రం లేదు. ఎక్కడ జారిపోయిందో తెలియదుగానీ, యజమాని బాధ్యతలు వరసగా చెప్పే 19వ సెక్షన్‌లో ఫిర్యాదుదారుల మీద, సాక్షుల మీద కక్ష సాధించకూడదన్న మాట కనపడదు.

దాని బదులు ఏముంది? రెండు చోట్ల కొంత ఆసరా ఉంది. ఒకటి 3వ సెక్షన్ రెండో భాగం. లైంగిక వేధింపుతో ముడిపడి ఉద్యోగానికి ముప్పు తెస్తామన్న బెదిరింపు, పనికి ఆటంకం, భయపెట్టే వాతావరణం, ఆరోగ్యానికి భద్రతకు చేటు చేసే అవమానం, ఇవి కూడా లైంగిక వేధింపు కిందికి రావచ్చు అంటుంది. ఈ 'ముడిపడి' అన్న మాట దగ్గరే గొడవంతా. రెండోది 12వ సెక్షన్. విచారణ జరిగేటప్పుడు బాధితురాలు రాసి అడిగితే కమిటీ ఆమెను లేదా అతన్ని బదిలీ చేయమని, ఆమెకు మూడు నెలల దాకా అదనపు సెలవు ఇవ్వమని సిఫారసు చేయొచ్చు. 8వ నిబంధన ప్రకారం ఆమె పనితీరు మీద నివేదిక, కాన్ఫిడెన్షియల్ రిపోర్టు అతను రాయకుండా ఆపి, ఆ పని వేరే అధికారికి ఇవ్వొచ్చు. చాలా మంచి నిబంధన, చాలా కొద్దిమందికి తెలిసిన నిబంధన. నేను చూసిన ఫిర్యాదుల్లో దీన్ని అడిగినవి వేళ్ళమీద లెక్కపెట్టొచ్చు. అయితే ఇదంతా విచారణ నడిచినంత కాలమే. నివేదిక ఇచ్చిన రోజున ఈ గొడుగు మూసేస్తారు. ప్యాకింగ్ సెక్షన్ ఆమెకు దెబ్బ తగిలింది నివేదిక వచ్చిన నాలుగు నెలలకు.

బదిలీ సంగతి వచ్చింది కాబట్టి నా తప్పు ఒకటి చెప్పుకోవాలి. కొన్నేళ్ళ కిందట ఒక విద్యాసంస్థ అంతర్గత కమిటీలో నేను బయటి సభ్యురాలిని. లైబ్రరీలో పనిచేసే ఒక అసిస్టెంటు ఫిర్యాదు చేసింది. విచారణ మధ్యలో ఆమె తనను ఇంకో ఊళ్ళో ఉన్న శాఖకు బదిలీ చేయమని రాసిచ్చింది. ఆమే అడిగింది కదా, భద్రంగా ఉంటుంది కదా అనుకుని సిఫారసు మీద అందరితోపాటు నేనూ సంతకం పెట్టాను. చట్టప్రకారం అందులో తప్పులేదు. ఆ ఊరు ఆమె ఇంటికి రెండు బస్సులు మారి వెళ్ళేంత దూరం. బడికెళ్ళే పిల్లవాడు, మంచంలో ఉన్న అత్తగారు. ఏడాది తిరక్కుండానే రాజీనామా చేసింది. సర్వీసు రికార్డులో 'వ్యక్తిగత కారణాలు' అని ఉంది. తర్వాత ఒకసారి బస్టాండులో కనిపించినప్పుడు అడిగాను, "బదిలీ నువ్వే కావాలన్నావు కదమ్మా" అని. "ఆయన్ని ఇక్కడినుంచి కదల్చరని అందరూ అన్నారు మేడం. మీరు కూడా కదిలిస్తామని అనలేదు కదా" అంది. కమిటీలో ఎవరం ఆమెను అడగలేదు, అతన్ని బదిలీ చేయమంటావా అని. రెండు పేర్లలో ఎవరిది రాయాలన్న ప్రశ్న వచ్చినప్పుడు మా చేయి అలవాటుగా ఆమె పేరు మీదికి వెళ్ళింది. స్త్రీవాదిని అని చెప్పుకునే నా చేయి కూడా.

కోర్టులు ఈ విషయాన్ని అసలు గుర్తించలేదని కాదు. 2020 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు ఇచ్చిన ఒక తీర్పు మన కార్యకర్తలు తప్పక చదవాలి. ఇండోర్‌లో ఒక ప్రభుత్వ రంగ బ్యాంకులో సీనియర్ స్థాయి అధికారిణి, మద్యం కాంట్రాక్టర్ల ఖాతాల్లో అవకతవకల గురించి పైవాళ్ళకు రాసింది. తన పై అధికారి మీద లైంగిక వేధింపు ఫిర్యాదు కూడా చేసింది. ఆమెను జబల్‌పూర్ జిల్లాలో ఒక చిన్న శాఖకు బదిలీ చేశారు. ఆ శాఖ ఆమెకన్నా ఎంతో కింది స్థాయి అధికారి నడిపేది. బదిలీ ఉద్యోగంలో మామూలే, కోర్టులు జోక్యం చేసుకోకూడదన్నది బ్యాంకు వాదన. జస్టిస్ చంద్రచూడ్, జస్టిస్ రస్తోగీ ధర్మాసనం ఒప్పుకోలేదు. ఇది ఆమెను శిక్షించడానికి చేసిన బదిలీ అని, లైంగిక వేధింపు స్త్రీ ప్రాథమిక హక్కులకు భంగమని చెప్పి, ఆమెను తిరిగి ఇండోర్‌లో వేయమని, ఖర్చుల కింద 50,000 రూపాయలు ఇవ్వమని ఆదేశించింది. బ్యాంకు కమిటీలో 'బయటి సభ్యుడు' ఆ బ్యాంకు తరఫునే వాదించే లాయరు అన్న సంగతి కూడా ఆ తీర్పులో బయటపడింది. ఇలాంటి బయటి సభ్యులు మన ఊళ్ళలో ఎంతమందో!

ఈ తీర్పు చూసి సంతోషించాను. కానీ ఆమె పెద్ద అధికారిణి, హైకోర్టు దాకా, అక్కడినుంచి సుప్రీంకోర్టు దాకా పోరాడగలిగింది. పైగా రెండు ఆదేశాల మధ్య రెండేళ్ళకు పైగా గడిచాయి.

2025 సెప్టెంబరులో వచ్చిన ఇంకో తీర్పు ఇంత ఊరటనివ్వదు. కోల్‌కతాలో ఒక న్యాయ విశ్వవిద్యాలయం అధ్యాపకురాలు వైస్ ఛాన్సలర్ మీద స్థానిక కమిటీకి ఫిర్యాదు చేసింది. ఆమె చెప్పిన చివరి లైంగిక వేధింపు ఘటన 2023 ఏప్రిల్‌లో. ఆ ఆగస్టులో ఆమెను ఒక అధ్యయన కేంద్రం డైరెక్టరు బాధ్యత నుంచి తప్పించారు. డిసెంబరులో ఫిర్యాదు ఇచ్చింది. చట్టం ఇచ్చిన గడువు మూడు నెలలు, కారణం చూపిస్తే ఇంకో మూడు నెలలు. తప్పించడం కూడా ఆ వేధింపులో భాగమే, కాబట్టి గడువు అప్పటినుంచి లెక్కించాలన్నది ఆమె వాదన. సుప్రీంకోర్టు ఒప్పుకోలేదు. అది వేరే పరిపాలనా చర్య, ఏప్రిల్ ఘటనతో ముడిపడి లేదు, ఫిర్యాదుకి కాలం చెల్లింది అంది. ఆరోపణల నిజానిజాల్లోకి విచారణ వెళ్ళనేలేదు. అయితే తీర్పుని ఆ వైస్ ఛాన్సలర్ రెజ్యూమేలో భాగం చేయాలని చిత్రమైన ఆదేశం ఒకటి ఇచ్చింది.

రెండు తీర్పులూ పక్కపక్కన పెట్టుకుని చూడండి. బదిలీ, తొలగింపు, పదవి మార్పు వేధింపుతో ముడిపడి ఉన్నాయని చూపించాల్సిన భారం మొత్తం ఆమె మీదే ఉంది. కాగితం మీద ఆ ముడి ఎవరూ వేయరు. కక్షసాధింపు వెంటనే రాదు కూడా. తెలివైన యాజమాన్యం ఆరు నెలలు, ఏడాది ఆగుతుంది. చట్టమేమో మూడు నెలల గడువుతో గడియారం పట్టుకుని కూర్చుంది.

ఇది తప్పనిసరి పరిస్థితి కాదు. మన కార్మిక చట్టాలకు ఈ సమస్య స్వాతంత్ర్యం వచ్చిన సంవత్సరం నుంచే తెలుసు. 1947 పారిశ్రామిక వివాదాల చట్టం 33వ సెక్షన్ ప్రకారం, వివాదం విచారణలో ఉన్నంత కాలం దానితో సంబంధమున్న కార్మికుల పని షరతులను యజమాని వాళ్ళకు నష్టం కలిగేలా మార్చకూడదు. ఆ వివాదానికి సంబంధించిన తప్పు మోపి డిస్మిస్ చేయాలంటే ముందుగా అధికారి అనుమతి తీసుకోవాలి. ఆ చట్టం స్థానంలో వచ్చిన పారిశ్రామిక సంబంధాల కోడ్‌లోనూ ఈ సూత్రం కొనసాగింది. బోనస్ కోసం గొడవపడిన కార్మికుడికి ఉన్న ఈ రక్షణ, మానం కోసం గొడవపడిన కార్మికురాలికి ఆమె చట్టంలో ఎందుకు లేదు? ('మానం' అన్న మాట నాకు ఇష్టం లేదు. కానీ యాజమాన్యాలు మాట్లాడే భాష అదే కదా.)

విశ్వవిద్యాలయాలకు యూజీసీ 2015లో చేసిన నిబంధనలు ఇంకో అడుగు ముందుకేశాయి. ఫిర్యాదు చేయడం, విచారణకు సహకరించడం, సాక్ష్యం చెప్పడం 'రక్షణ కలిగిన పనులు' అని పేరు పెట్టి చెప్పాయి. 2019లో అంతర్జాతీయ కార్మిక సంస్థ ఆమోదించిన 190వ ఒప్పందం ఫిర్యాదుదారులను, సాక్షులను, బయటపెట్టినవాళ్ళను కక్షసాధింపు నుంచి కాపాడాలని ప్రభుత్వాలను కోరుతుంది. మన దేశం దాన్ని ఆమోదించలేదు.

కాగితాల మీద కాకుండా ఫ్యాక్టరీ నేల మీద ఈ పని జరిగిన చోటు పొరుగు రాష్ట్రంలోనే ఉంది. తమిళనాడు దిండిగల్ దగ్గర ఒక బట్టల మిల్లులో పనిచేసే దళిత యువతి 2021 జనవరిలో హత్యకు గురైంది. నిందితుడు ఆమె సూపర్‌వైజర్. తర్వాత చాలామంది స్త్రీలు ఆ మిల్లులో వేధింపుల గురించి నోరు విప్పారు. దళిత స్త్రీల నాయకత్వంలో నడిచే అక్కడి కార్మిక సంఘం యాజమాన్యంతో, విదేశీ బట్టల కంపెనీలతో మాట్లాడి 2022లో దిండిగల్ ఒప్పందం కుదుర్చుకుంది. షాపు ఫ్లోరులోనే స్త్రీ కార్మికులు కొందరు పర్యవేక్షకులుగా ఉంటారు. నోరు విప్పినవాళ్ళ మీద కక్ష సాధించడం నిషిద్ధం, ఉల్లంఘిస్తే ఆర్డర్లు ఇచ్చే కంపెనీలు జవాబు చెప్పాలి. అక్కడ సంఘం ముందు ఉంది, కమిటీ తర్వాత వచ్చింది. మనం తిరగేసి చేస్తున్నాం. సంఘం లేని చోట కమిటీ వేయించి, ఒంటరి స్త్రీని దాని ముందుకు పంపిస్తున్నాం.

చట్టం మార్చమని అడిగితే ఏమడగాలి? ఫిర్యాదు చేసిన నాటి నుంచి ఏడాది లేదా రెండేళ్ళ లోపు ఫిర్యాదుదారుకి గానీ సాక్షికి గానీ ఉద్యోగంలో నష్టం జరిగితే, అది కక్షసాధింపు కాదని రుజువు చేసుకోవాల్సిన భారం యజమాని మీద ఉండాలి. ఇది వింతైన కోరిక కాదు. పెళ్ళయిన ఏడేళ్ళలోపు స్త్రీ అసహజంగా చనిపోయి, చావుకి ముందు కట్నం కోసం హింసించారని తేలితే, అది వరకట్న మరణమేనని కోర్టు భావించాలన్న నియమాన్ని మన ఉద్యమమే 1986లో సాధించుకుంది. నాలుగు గోడల మధ్య జరిగేదానికి సాక్ష్యం దొరకదని అప్పుడు వాదించాం. ఆఫీసు గోడలు అంతకన్నా పల్చనివేమీ కావు.

ఇక 14వ సెక్షన్. దురుద్దేశంతో అబద్ధపు ఫిర్యాదు చేస్తే శిక్ష అంటుంది. రుజువు చేయలేకపోయినంత మాత్రాన అది అబద్ధపు ఫిర్యాదు కాదని కూడా అదే సెక్షన్ చెబుతుంది. కానీ గోడమీది బోర్డుల్లో మొదటి సగమే రాస్తారు. ఒక కార్యాలయంలో చూశాను, వేధించినవాడికి పడే శిక్షకంటే పెద్ద అక్షరాల్లో ఇది రాసి ఉంది.

మన సంస్థల సంగతి కూడా మాట్లాడుకోవాలి. స్వచ్ఛంద సంస్థల్లో ఉద్యోగాలు ప్రాజెక్టు ఉన్నంత కాలమే. డైరెక్టరు మీదో, సీనియర్ కోఆర్డినేటర్ మీదో మాట్లాడిన అమ్మాయి కాంట్రాక్టు మార్చి 31న అయిపోతుంది, ఏప్రిల్‌లో కొత్త ప్రాజెక్టులో ఆమె పేరు ఉండదు. 'ఫండింగ్ లేదు' అన్న మాట మన రంగంలో చెప్పే పరిపాలనా సౌలభ్యం. ఆమె ఎక్కడికి వెళ్ళినా మనకు మనం ఫోన్లు చేసుకుని 'ఆ అమ్మాయి ఎలాంటిది' అని అడుగుతాం. 'కొంచెం గొడవ మనిషి' అన్న జవాబు ఇచ్చినవాళ్ళం మనలోనూ ఉన్నాం. పదిమంది లేని సంస్థ అయితే కమిటీయే ఉండదు. జిల్లా స్థానిక కమిటీకి వెళ్ళాలి, మన పరువు కోసం వెళ్ళొద్దని మనమే చెబుతాం.

స్థానిక కమిటీల విషయంలో మాత్రం ఇప్పుడు చేయగలిగింది ఉంది. 2023లో ఒక గోవా అధ్యాపకుడి కేసులో సుప్రీంకోర్టు పదేళ్ళ తర్వాత కూడా చట్టం అమలు ఇంత అధ్వాన్నమా అని ఆవేదన పడింది. 2024 డిసెంబరు 3న అదే కేసులో గడువులు పెట్టింది. డిసెంబరు 31కల్లా ప్రతి జిల్లాలో జిల్లా అధికారి, 2025 జనవరి 31కల్లా స్థానిక కమిటీ ఉండాలంది. చట్టం ప్రకారం మండల స్థాయిలో ఫిర్యాదు తీసుకుని వారంలోపు కమిటీకి పంపే నోడల్ అధికారి ఉండాలి. మీ మండలంలో ఆ మనిషి ఎవరో మీకు తెలుసా? ఆ మనిషికి తెలుసా? ఇళ్ళలో పనిచేసేవాళ్ళు, ఇటుక బట్టీల్లో, పత్తి మిల్లుల్లో పనిచేసేవాళ్ళు వెళ్ళాల్సింది అక్కడికే.

అక్కడికే వెళ్ళాల్సినవాళ్ళు ఇంకొందరున్నారు. ఫిర్యాదు యజమాని మీదే అయితే అది అంతర్గత కమిటీకి కాదు, స్థానిక కమిటీకి వెళ్ళాలని 6వ సెక్షన్ చెబుతుంది. కక్షసాధింపు చేసేది ఎవరు? సంతకం పెట్టేది యజమాని. కాబట్టి కక్షసాధింపు మీద కొత్త ఫిర్యాదు రాసి, 3వ సెక్షన్ రెండో భాగం పేరు చెప్పి, చివరి ఘటన తేదీ వేసి, మూడు నెలల లోపు స్థానిక కమిటీకి ఇవ్వొచ్చునని నా వాదన. కోల్‌కతా తీర్పు తర్వాత ఇది కష్టమైన వాదనే. అందుకే మొదటి ఫిర్యాదులోనే ముడి వేసి పెట్టాలి. నాకు ఇలాంటి ముప్పు ఉంది, అతను నా రిపోర్టు రాయకూడదు, నన్నూ నా సాక్షుల్నీ విచారణ తర్వాత కూడా మార్చకూడదని కమిటీ సిఫారసు చేయాలి అని మొదటి కాగితంలోనే రాయాలి. అంతకు ముందు ఏడాది హాజరు పట్టిక, జీతం స్లిప్పులు, వచ్చిన మెచ్చుకోళ్ళు జిరాక్సు తీసి ఇంట్లో పెట్టుకోవాలి. ఫిర్యాదుకి ముందు ఎలాంటి ఉద్యోగినో చూపిస్తేనే తర్వాత ఏం మారిందో కనిపిస్తుంది. నివేదిక వచ్చాక మన పని అయిపోలేదు. మూడో నెల, ఆరో నెల, ఏడాదికి ఒకసారి ఆమెకూ, సాక్షులకూ ఫోన్ చేయాలి. నేను లైబ్రరీ అసిస్టెంటుకి చేయలేదు.

ప్యాకింగ్ సెక్షన్ ఆమె మా దగ్గరికి వచ్చేసరికి గేటు దగ్గర ఆపేసి రెండు నెలల ఇరవై రోజులు. ఇంకా పది రోజులే ఉంది. సాక్ష్యం చెప్పిన ఇద్దరినీ పిలిపించాం. ఒకామె వచ్చింది. రెండో ఆమె, "నా మొగుడు ఒద్దంటుండు, నా పేరు రాయకున్రి" అని ఫోన్లో చెప్పింది. రాయలేదు. కంపెనీని, కాంట్రాక్టరుని ఇద్దరినీ యజమానులుగా చూపించి ఫిర్యాదు రాశాం. పాత కాంట్రాక్టరు ఇచ్చిన గుర్తింపు కార్డు, ఆరేళ్ళ పీఎఫ్ లెక్క, కమిటీ నివేదిక, కొత్త లిస్టులో ఉన్నవాళ్ళ పేర్లు ఆమె గుర్తుపెట్టుకుని చెప్పినవి జతచేశాం. కలెక్టరేటులో ఆ ఫిర్యాదు ఏ గదిలో తీసుకుంటారో తెలుసుకోవడానికి ఒక పూట పట్టింది. చివరికి మహిళా శిశు సంక్షేమ శాఖ గుమాస్తా తీసుకుని స్టాంపు వేశాడు. ఆమె రసీదు మీద తేదీ రెండుసార్లు చదువుకుని కవరులో పెట్టుకుంది. "ఈసారి గెలిస్తే మళ్ళ లోపలికి తీసుకుంటరా అక్కా?" అంది. కమిటీ చట్టప్రకారం నష్టపరిహారం సిఫారసు చేయగలదు, తిరిగి పనిలోకి తీసుకోమని చెప్పగలదో లేదో చట్టంలో నేరుగా లేదని, అడుగుతున్నామని చెప్పాను. ఫిర్యాదు చివరి పేజీలో ఆ కోరిక మొదటిదిగా రాశాం.